పెట్టె శుభ్రం

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రియమైన వదినకు,

నమస్కారం. నువ్వూ, మీ అక్కయ్యా, వాళ్లింట్లో పిల్లలూ అంతా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ మేం నూట పదమూడు మందిమీ క్షేమమే. అందులో నూట పన్నెండు కుందేళ్లు. మిగిలిన ఒక్కరూ నేను.

నాలుగేళ్ల తర్వాత ఎవరబ్బా అని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తుంటావు. చేతిరాత చూసి గుర్తుపట్టే ఉంటావులే. పంజరాలకు తగిలించే కార్డుల మీద పదకొండేళ్లపాటు ఈ వంకర అక్షరాలే చూశావు కదా. మీ అక్కయ్య ఇంటి అడ్రసు నాకెలా తెలుసంటావా? వెళ్లిపోయిన నెలకు నువ్వు ఆఫీసుకు ఒక కాగితం ముక్క రాశావు, సొరుగులో మర్చిపోయిన కళ్లజోడు ఫలానా చోటికి పంపమని. వాళ్లు కళ్లజోడు పంపారు, కాగితం నేను తీసుకున్నాను. అందులో నా ఊసు ఒక్కటీ లేదు. వెనక్కి తిప్పి మరీ చూశాను.

ముందు కబుర్లు చెప్పేస్తాను. షెడ్డు అలాగే ఉంది. పడమటి గోడ ఫ్యాను ఇప్పటికీ తిరిగే ముందు ఒకసారి మూలుగుతుంది. నీ దాణా గదికి మాత్రం ఇప్పుడు పని లేదు. దాణా బయటే యంత్రంలో కలిపి, బస్తాలు కుట్టేసి పంపుతున్నారు. గదిలో విరిగిన కుర్చీలు పడేశారు. మనం టీ తాగడానికి బోర్లించుకున్న రెండు డబ్బాలూ కిటికీ కిందే ఉన్నాయి. మధ్యాహ్నం నేను అక్కడే కూర్చుని తింటాను. రెండో డబ్బా మీద నా చేతిసంచీ పెట్టుకుంటాను, ఖాళీగా ఉంటే చూడబుద్ధి కాదు.

నువ్వు వెళ్లాక నా పేరు కూడా పోయింది. ఫినాయిల్ అని పిలిచే దిక్కు లేదు. అందరూ మేడమ్ అంటున్నారు. ఏమే ఫినాయిలూ, పువ్వు వాసన చూసినా అందులో మురికి ఉందేమోనని వెతుకుతావు కదే అని నువ్వు అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మంట కూడా లేదు. మొదటిరోజు నన్నేమని పిలవాలో తోచక నువ్వు వదినా అన్నావు. నేనూ ఊరుకోకుండా వదినా అన్నాను. మనిద్దరిలో ఎవరి అన్నను ఎవరు చేసుకున్నారో ఇప్పటికీ తేలలేదు. నాకు అన్న లేడు, నీకూ లేడు.

అసలు సంగతికి వస్తాను. కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. మనుషులకు మందిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. ముప్పై దాటి ఉండవు. కుందేళ్ల పేగుల్లో ఉండే సూక్ష్మజీవులను లెక్కపెట్టడం ఆవిడ పని. ఏం తింటే ఏవి పెరుగుతాయి, ఏ వయసులో ఏవి ఉంటాయి అని చూస్తుంది. పొద్దున్నే చిన్న చిన్న సీసాలు పట్టుకుని పంజరం పంజరం తిరిగి పెంటికలు ఏరుకుంటుంది. ఇన్నేళ్లుగా నేను ఊడ్చి పారబోసినదాన్ని ఆవిడ పేరు, తేదీ రాసి ఫ్రీజర్లో దాచుకుంటుంటే నాకు మొదట్లో నవ్వాగలేదు. ఆవిడ కోపగించుకోలేదు సరికదా, కుర్చీ వేసుకుని కూర్చుని నాకు పాఠం చెప్పింది.

పుట్టినప్పుడు పిల్ల కడుపులో దాదాపు ఏమీ ఉండదట. పాలు తాగే మూడు వారాలూ కొద్ది రకాలే ఉంటాయట. తర్వాత అది తల్లి దాణాలో మూతి పెట్టి, గడ్డిపరక కొరకడం నేర్చాక కొత్తవి దిగుతాయి, పాతవి కొన్ని సర్దుకుని వెళ్లిపోతాయి. పీచు తినేవి కొన్ని, గింజలోని పిండి తినేవి కొన్ని. మనం ఏది పెడితే అది తినేవాటి బలగం పెరుగుతుంది. రెండు నెలలు దాటేసరికి కాపురం కుదురుకుంటుంది. ఇక ఆ తర్వాత మేత మార్చినా అవి అంత తొందరగా మారవట. నేను కిసుక్కున నవ్వితే ఎందుకని అడిగింది. నాకు అరవై నిండబోతున్నాయి, నా లోపలివి ఇంకెంత మొండికేసి కూర్చున్నాయో అన్నాను.

మొండి అంటే గుర్తొచ్చింది. మొండిచెవి ఇంకా ఉంది. చెవి కొస తెగి, నోటికందిన ప్రతి బస్తానీ కొరికే పిల్ల, నువ్వే పేరు పెట్టావు. అప్పటి పిల్లల్లో మిగిలింది అదొక్కటే. నాలుగేళ్లు దాటాయి, వెనక కాళ్లు కాస్త పట్టేశాయి. ముసలి కుందేలు దొరకడమే కష్టమని డాక్టరమ్మకు దాన్ని చూస్తే ఎంత సంబరమో. దాని పెంటికలకు వేరే పెట్టెట. షెడ్డులో నేను రోజూ మాట్లాడేది దానితోనే. నీ అంత ఎదురుజవాబు చెప్పదనుకో.

ఇప్పుడు జరుగుతున్న పని ఇది. తల్లి కుందేలు రోజుకు ఒక్కసారి, తెల్లవారుజామున, మూడు నాలుగు నిమిషాలు పిల్లల పెట్టెలోకి దూరి పాలిచ్చి బయటికి వచ్చేస్తుంది. మనకు తెలిసిందే. వస్తూ వస్తూ లోపల నాలుగు పెంటికలు వదిలి వస్తుంది. నేను దాన్ని పాడు బుద్ధి అనుకునేదాన్ని. పిల్లలు వాటిని కొరుకుతాయట వదినా. దాణా రుచి చూడకముందే, కళ్లు తెరిచీ తెరవకముందే. తల్లి కడుపులో ఉన్నవి పిల్ల కడుపులోకి వచ్చే దారి అదేనేమోనని డాక్టరమ్మ అనుమానం. అందుకని కుడి వరస పెట్టెల్లో రోజూ పెంటిక మిగలకుండా నన్ను ఏరేయమంది. ఎడమ వరసలో చెయ్యి పెట్టొద్దంది. ఎడమ వరస ముందు నిలబడితే నా చేతులు ఎంత దురద పెడుతున్నాయో నీకైతే చెప్పక్కర్లేదు.

ఆవిడ ఆ మాట చెప్పినప్పుడు మాత్రం చేతిలో చీపురు కింద పెట్టి మళ్లీ చెప్పమన్నాను. ఎందుకో తెలియదు.

ఇంకొకటి చెప్పింది. ఒకే పంజరంలో ఉండి ఒకే మేత తినే కుందేళ్ల కడుపుల్లో ఇంచుమించు ఒకే జనం ఉంటారట. మనం పదకొండేళ్లు ఒక్క టిఫిను డబ్బా మూతలో ఇద్దరం తిన్నాం. నా కూరలో వేలు పెట్టకుండా నువ్వు ఏ రోజూ ముద్ద ఎత్తలేదు. ఆ లెక్కన నీ వాళ్లు కొందరు నా కడుపులో ఉండే ఉంటారు. ఇంకా ఉన్నారో, ఒంటి తిండికి విసిగి వెళ్లిపోయారో. డాక్టరమ్మను అడుగుదామనుకుని ఊరుకున్నాను, వెంటనే చేతికి ఒక సీసా ఇస్తుందని భయం.

నాకు ఏప్రిల్ ముప్పైతో పని అయిపోతుంది. ఈ క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. వీలైతే రెండు ముక్కలు రాయి. తిట్టినా సరే.

ఇట్లు,
నీ ఫినాయిల్


ఏప్రిల్ 2, బుధవారం

ప్రియమైన వదినకు,

నమస్కారం. నా మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. అందులో నీ తప్పేమీ లేదు, నేను ఇంకా పోస్టు చేయలేదు. బియ్యం డబ్బా మీద పెట్టాను, రోజూ చూస్తున్నాను. ఈ ఉత్తరం కూడా రాసి అదే కవర్లో పెడదామనుకుంటున్నాను. స్టాంపు ఒకటి కలిసొస్తుంది.

పిల్లలకు ఎనిమిది వారాలు నిండాయి. అయిదో వారంలో పాలు మాన్పించాం. ప్రతి వరసలోనూ సగం పిల్లలకు ఎండుగడ్డి ఎక్కువున్న మేత, సగం పిల్లలకు గింజ ఎక్కువున్న దాణా. ఎడమ వరసలో, అంటే నేను ముట్టుకోని వరసలో, నలభైలో మూడు పోయాయి. కుడి వరసలో నలభైలో పదిహేడు పోయాయి. గడ్డి తిన్నవి కాస్త తట్టుకున్నాయి. గింజ తిన్నవైతే, వదినా, మళ్లీ అదే. పొట్ట ఉబ్బడం, పళ్లు కొరకడం, మూలన ముడుచుకుని కూర్చోవడం, మర్నాటికి పంజరం కింద జిగురు. నాలుగేళ్ల కింద చూసిందే. నేను ఒక్కొక్కదాన్నీ తువ్వాలులో చుట్టి బయటికి తెచ్చాను.

డాక్టరమ్మ గోడమీద కాగితం అంటించి రంగుల గీతలు చూపించింది. ఎడమ వరస పిల్లలకు పాలు మానే నాటికే పీచును అరిగించే రకాలు కడుపులో స్థిరపడి ఉన్నాయి. కుడి వరస పిల్లలకు ఆ రకాలు వచ్చాయి కానీ ఆలస్యంగా వచ్చాయి. వయసు అయిదు వారాలు, కడుపు మాత్రం మూడు వారాల పిల్లది. అలాంటి కడుపులో మనం గింజ పోశాం. మేత తప్పు అనడానికి లేదు, వయసు తప్పు అనడానికి లేదు, తల్లి ఇచ్చింది అందకపోవడమే అసలు తేడా అని ఆవిడ చెప్పింది.

తర్వాత ఆవిడ పాత ఫైలు తెచ్చింది. నీ ఫైలు. అరవై నాలుగు పిల్లల్లో నలభై ఒకటి చచ్చిపోయాయని, దాణా కలిపే ఉద్యోగిని పాత మేత నుంచి కొత్త మేతకు వారం రోజులు కొద్దికొద్దిగా మార్చవలసింది ఒక్కసారిగా మార్చేసిందని, అది నిర్లక్ష్యమని, అందుకు పని నుంచి తొలగించడమైనదని అందులో రాసి ఉంది. అది చదివి డాక్టరమ్మ నా వంక చూసింది. అప్పటి పిల్లలూ ఇప్పటి కుడి వరస పిల్లల్లాగే పోయాయి, ఇది మేత మార్పు వల్ల అయినట్టు లేదు, ఆ ఏడాది పిల్లల పెట్టెలు ఎలా శుభ్రం చేసేవారో తెలుసా మేడమ్ అని అడిగింది. అప్పటి కార్డులు దొరుకుతాయా అని అడిగింది.

ఆ ఏడాది పెట్టెలు ఎలా శుభ్రం చేశానో నీకు గుర్తుందా? బయటి నుంచి పెద్దవాళ్లు షెడ్డు చూడ్డానికి వస్తున్నారని, అద్దంలా ఉండాలని పెద్ద డాక్టరు నెల ముందే చెప్పారు. అంతకు ముందు వారానికి ఒకసారి చేసే పనిని నేను రోజూ మొదలుపెట్టాను. పొద్దున్నే తల్లి బయటికి రాగానే పెట్టె తెరిచి, బొచ్చు పక్కకు జరిపి, పెంటికలన్నీ ఏరేసి, కార్డు మీద పెట్టె శుభ్రం అని రాసి టిక్కు పెట్టేదాన్ని. వాటికి మాత్రం ఇల్లులా అనిపించొద్దూ, కాస్త మురికి ఉండనియ్యవే అని నువ్వు వాకిట్లో నిలబడి వెక్కిరించావు. వచ్చిన పెద్దవాళ్లు నా షెడ్డునే మెచ్చుకున్నారు. ఆ మెప్పు నేను వారం రోజులు నమిలాను.

కార్డులు ఉన్నాయి. నా ఇనప బీరువాలో, కింది అరలో, దారంతో కట్టి ఉన్నాయి. చెదలు తినేసి ఉంటాయమ్మా అని డాక్టరమ్మతో చెప్పాను. ఇనప బీరువాకు చెదలు.

ఆవిడ నమ్మింది. అదే నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి వండుకోబుద్ధి కాలేదు. రొట్టె ముక్క, పంచదార తిన్నాను. ఈ నాలుగేళ్లలో ఇలాంటి పూటలు చాలా ఉన్నాయి వదినా. ఒక్కరికి వండుకోవడమంటే ఎప్పుడూ ఎక్కువవుతుంది, లేకపోతే తక్కువవుతుంది. గోడకు అవతల ఎవరో రేడియో పెట్టుకుంటారు. వాళ్లు దాన్ని ఆపేశాక ఇంట్లో ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. ఒకసారి వెళ్లి, ఆపకండి అని చెబుదామనుకున్నాను. ఏమనుకుంటారోనని వెళ్లలేదు.

ఇంక రాయలేను.

ఇట్లు,
నీ ఫినాయిల్


ఏప్రిల్ 21, సోమవారం

ప్రియమైన వదినకు,

నమస్కారం. నీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దు.

కార్డులు ఇచ్చేశాను. మొన్న గురువారం ఉదయం బీరువా తీసి, కట్ట చంకన పెట్టుకుని, డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. చెదలు తినలేదమ్మా, నేనే అబద్ధం చెప్పాను, పెట్టెలు శుభ్రం చేసింది కూడా నేనే అన్నాను. ఆవిడ కట్ట దారం విప్పి చూసింది. తర్వాత లేచి నాకు టీ పోసి ఇచ్చింది. తిడుతుందనుకుని వెళ్లినదాన్ని, ఆ టీ ముట్టుకోకుండానే వచ్చేశాను.

ఆవిడ రెండు రోజులు కూర్చుని పన్నెండు పెట్టెల కార్డులూ రోజు రోజుకూ చదివింది. ప్రతి పెట్టెకు ప్రతి రోజూ టిక్కు ఉంది. కుడి వరసలో ఇప్పుడు చూసిన చావులకూ, అప్పటి చావులకూ పిల్లల వయసు రోజులు కూడా సరిపోయాయి. ఇంక అనుమానం లేదు, మీ స్నేహితురాలి మీద మచ్చ తుడిచేయొచ్చు అని సంతోషంగా చెప్పింది. నేను షెడ్డులోకి వెళ్లి మొండిచెవికి ఆ మాట చెప్పి ఏడ్చాను.

కానీ శనివారం మళ్లీ పిలిచింది. కార్డుల్లో ఒక చిక్కు ఉందట. పదకొండో పెట్టె, పన్నెండో పెట్టె. వాటికీ రోజూ టిక్కు ఉంది. మిగతా పది పెట్టెల్లో యాభై నాలుగు పిల్లలుంటే పదమూడే మిగిలాయి. ఈ రెండింట్లో పదీ బతికాయి. ఒక్కటీ పోలేదు. అన్నీ ఒకేలా శుభ్రం చేస్తే ఆ రెండూ ఎలా తప్పించుకున్నాయి అని అడిగింది. నాకేం తెలుసమ్మా, నేను ఊడ్చేదాన్ని అన్నాను.

ఆవిడ ఆ లెక్కతోనే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది. వెళ్లిన పని కాలేదు. నాలుగేళ్ల కిందటి నిర్ణయం మార్చాలంటే ఎక్కడా లొసుగు ఉండకూడదని ఆయన అన్నారట. శుభ్రం చేయడం వల్లే చచ్చిపోతే ఆ రెండు పెట్టెలూ చావాలి కదా అన్నారట. అంతటితో ఊరుకోలేదు. దాణా కలిపే ఆవిడ ఆ రెండు పెట్టెల పిల్లలకు మాత్రం పద్ధతిగా కలిపి, మిగతావాటికి ఒళ్లు బరువై ఒక్కసారిగా పోసేసి ఉంటుంది అన్నారట. డాక్టరమ్మ నాతో చెబుతూ కళ్లు దించుకుంది. చూశావా వదినా, నీకు మేలు చేద్దామని ఇచ్చిన కార్డులు నీ నెత్తి మీదికే వచ్చాయి.

నువ్వు వెళ్లిపోయిన రోజు గుర్తొస్తోంది. నువ్వు అరవలేదు, ఏడవలేదు. నీ టీ గ్లాసు కడిగి, తుడిచి, కిటికీలో బోర్లించి వెళ్లావు. నన్ను చూడలేదు. నేను చీపురు పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను. ఆ గ్లాసు నేను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నెలకొకసారి కడిగి మళ్లీ అలాగే బోర్లిస్తాను.

నేను చేసింది తెలియక చేశాను వదినా. పెట్టెలో ఆ నాలుగు పెంటికలు పిల్లలకు ఏమవుతాయో నాకేం తెలుసు, పెద్ద డాక్టరుకే తెలియదు. శుభ్రంగా ఉంటే బతుకుతాయనుకున్నాను. తెలియక చేసినదాన్ని నువ్వు క్షమిస్తావని ఆశ.

మూడు ఉత్తరాలూ ఒకే కవర్లో పెడుతున్నాను. ఈసారి నిజంగా పోస్టు చేస్తాను.

ఇట్లు,
నీ ఫినాయిల్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఇది మంగళవారం ఉదయం. పైన తెలియక చేశాను అని రాశాను చూడు, అది అబద్ధం. పెంటికల సంగతి తెలియకపోవడం నిజమే. మిగతాది నాకు తెలుసు.

పదకొండు, పన్నెండు పెట్టెలు నేను ఒక్క రోజూ శుభ్రం చేయలేదు. చివరి మూల అవి, పై మూతల గడియలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. బాగుచేయించమని అడిగితే చూడ్డానికి వచ్చేవాళ్లకు షెడ్డు సిద్ధంగా లేదని పెద్ద డాక్టరు అంటారని భయపడ్డాను. కార్డు మీద మాత్రం రోజూ టిక్కు పెట్టాను. ఫినాయిల్ అనిపించుకున్నదాన్ని, రెండు పెట్టెలు మురికిగా ఉన్నాయని ఏ మొహంతో రాస్తాను.

చావులు మొదలైన నాలుగో రోజున నేను లెక్కపెట్టాను. నేను చెయ్యి పెట్టిన పెట్టెల పిల్లలు పోతున్నాయి. చెయ్యి పెట్టని రెండు పెట్టెల పిల్లలు గంతులేస్తున్నాయి. ఎందుకో తెలియలేదు, కానీ నా చేతిలోనే ఏదో ఉందని తెలిసింది. ఆ మర్నాడే మనిద్దర్నీ పిలిచారు. మేత కొద్దికొద్దిగా మార్చడం చూశావా అని పెద్ద డాక్టరు నన్ను అడిగారు. నేను చూడకపోవడమేమిటి వదినా? ఆ వారం ప్రతి రోజూ నీ పక్క డబ్బా మీద కూర్చుని టీ తాగుతూ చూశాను. మొదటిరోజు కొత్తది ఒక దోసిలి, పాతది ఆరు. రెండోరోజు రెండు, అయిదు. నువ్వు పైకి లెక్కపెడుతూ కలిపేదానివి, మధ్యలో మాట్లాడితే కసిరేదానివి. చూశాను అంటే, మేత కాకపోతే మరేమిటి అని నా షెడ్డు వైపు తిరుగుతారని నీళ్లు నమిలాను. దాణా గది వైపు నేను పోనండీ అన్నాను. అప్పుడు నువ్వు నా వంక చూశావు. ఆ చూపు నాలుగేళ్లుగా నాతోనే అన్నం తింటోంది.

ఇందాక డాక్టరమ్మను ఆ మూలకు తీసుకెళ్లి తుప్పు గడియలు చూపించాను. ఇదంతా నా చేత్తో రాసి, సంతకం పెట్టి, పెద్ద డాక్టరుకు ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఇక ఈ ఉత్తరం చింపేసినా లాభం లేదు. నీ పేరు సరిచేసిన కాగితం నీకు వేరుగా వస్తుంది. నా పేరు మీద ఏం రాస్తారో నాకు అక్కర్లేదు.

మొండిచెవి పన్నెండో పెట్టె పిల్ల. అందుకే ఎవరేమన్నా దాన్ని షెడ్డులోంచి పోనివ్వలేదు. మిగతా తొమ్మిదీ పోయాక దాన్నొక్కదాన్నీ చూస్తూ బతికాను. నెలాఖరుకు దాన్నీ తీసేస్తారట. పాత పనివాళ్లు అడిగితే ఇంటికి ఇస్తారని డాక్టరమ్మ చెప్పింది. నేను అడగలేదు. పేరు పెట్టింది నువ్వు. ముప్పయ్యో తారీకు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, వచ్చి తీసుకెళ్లు. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పంజరం తలుపు దగ్గర పెట్టి నేను పక్క గదిలో ఉంటాను.

దానికి గడ్డి ఎక్కువ పెట్టు, గింజ తగ్గించు. కొత్త మేతకు వారం రోజులు కొద్దికొద్దిగా కలిపి మార్చు అని రాయబోయి ఆగిపోయాను. అది నీకు నేను చెప్పాలా. ఆ పని నువ్వెలా చేస్తావో నేను రోజూ చూశాను.